రెండు లక్షల పదమూడు వేల నాలుగు వందల నలభై మూడు

మా లెక్కల టీచరమ్మ పోయారని మొన్న ఆదివారం ఆరాధన చివర ప్రకటనల్లో తెలిసింది. స్త్రీల కూడిక గురువారానికి మారిందని చెప్పి, గొంతు సవరించుకుని, అదే కాగితంలోంచి పాస్టరుగారు చదివారు. చాలాకాలం పిల్లలకు లెక్కలు చెప్పిన ఒక పెద్ద సహోదరి ప్రభువునందు నిద్రించారు అని. ఊరి పేరు కూడా చెప్పాక నాకు అనుమానం మిగల్లేదు. పక్కన కూర్చున్నావిడ "ఎవరో పాపం" అంది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. తరగతిలో ఎవరి రెప్ప వాలినా సుద్దముక్క విసిరే మనిషి నిద్రించడమేమిటి అనిపించింది. తరవాత పాట మొదలయ్యాక, రెండో చరణంలో, వచ్చింది.

ఆవిడ మీలో చాలామందికి తెలియదు. ఆవిడ పేరు మీద బడి లేదు, సన్మాన సంఘమూ లేదు. నేను కూడా లెక్కల్లో గొప్పదాన్నేం కాలేదు. ఊళ్ళు తిరిగి పసిపిల్లలకు టీకాలు వేసే నర్సుని. అయినా ఆవిడ నాకు ఒక సంఖ్యని చూపించారు. అది చూసినప్పటి ఆశ్చర్యం ఇన్నేళ్ళయినా నాలో తగ్గలేదు. ఆ సంగతి మీకు చెప్పకపోతే నాకు తోచదు.

పొట్టి మనిషి. నేత చీర, చంకలో నల్ల గొడుగు, చేతిసంచిలో ఎప్పుడూ సుద్దముక్కలు. ఏ సంఖ్య కనపడినా పలకరించకుండా పోలేరు. "దీని సంగతేంటో చూద్దాం" అనేది ఆవిడ ఊతపదం. బస్సెక్కితే టిక్కెట్టు మీద నంబరు, దిగితే బస్సు వెనక నంబరు. ఒకసారి టిక్కెట్టు నంబరుని పదమూడుతో భాగిస్తూ మా ఊరు దాటిపోయి, తరవాతి ఊళ్ళో దిగి, ఎండలో నడుచుకుంటూ వచ్చారు. ఆలస్యమైందేమని పెద్ద మాస్టారు అడిగితే "పోలేదండీ, ఒకటి మిగిలింది" అన్నారు. ఆయనకు అర్థం కాలేదు. మేం కిటికీ దగ్గర పడీ పడీ నవ్వాం.

కొన్నేళ్ళ కిందట గుంటూరు బస్టాండులో కనపడి నా సెల్ నంబరు అడిగి రాసుకున్నారు. నా మీద ఎంత ప్రేమో అని పొంగిపోయాను. వారం తరవాత ఫోన్ చేసి, బాగున్నావా అని కూడా అడగకుండా, "ఏమే, నీ నంబరు మూడుతో పోతుంది, తెలుసా?" అన్నారు.

గుంటూరు నుంచి ఒంగోలు వెళ్ళే దారికి కొంచెం లోపల మా ఊరు. నల్లరేగడి నేల, ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. ఎనభైల్లో ఒక గాలివానకు మా బడి పెంకులు లేచిపోతే, ఎనిమిదో తరగతిని ఊరి చివర మా పేటలోని ప్రార్థన మందిరంలో కూర్చోబెట్టారు. ఊళ్ళోని పిల్లలు కొందరు మా పేటలోకి రావడం అదే మొదటిసారి. మొదట్లో గుమ్మం దగ్గరే నిలబడేవాళ్ళు. మా ఊళ్ళో మనిషి ఎదురైతే ఏ వైపు నుంచి నడిచొస్తున్నాడో చూసి ఎవరో తేల్చేసేవాళ్ళు కదా. టీచరమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. లెక్క మధ్యలో ఒకసారి మాత్రం అన్నారు: "సంఖ్యని అట్టా దూరం నుంచి చూసి ఏ జాతో చెప్పలేమర్రా. దగ్గర కూర్చోవాలి."

ఒక సోమవారం మందిరం గోడకున్న పాటల బోర్డు మీద ఆదివారం పాడిన కీర్తనల నంబర్లు ఇంకా తీయలేదు. చెక్క పలకల మీద రాసిన అంకెలు అవి, గాడిలో పెట్టి తీస్తారు. పైన 213, కింద 443. టీచరమ్మ గొడుగు మూల పెట్టి, కాసేపు ఆ బోర్డు వంకే చూసి, రెండింటినీ పక్కపక్కన నల్లబల్ల మీద రాశారు. 213443.

"చదవండి."

రెండు లక్షల పదమూడు వేల నాలుగు వందల నలభై మూడు అని అందరం అరిచాం.

"ఈ సంఖ్యని మనకంటే ముందు ఎవరన్నా నోటితో పలికారో లేదో నాకు తెలీదు. దీనితో ఎవరికీ పని లేదు. నిన్న పాస్టరుగారు వేరే పాట ఎంచుకునుంటే ఇవాళ ఇది మన బల్ల మీద ఉండదు. కానీ దీని గుణం దీనికుంది. మనం రాయకముందే ఉంది, చెరిపేశాకా ఉంటుంది. ఇది విడిపోయేదా, విడిపోనిదా? దీని సంగతేంటో చూద్దాం."

విడిపోనిదంటే ప్రధాన సంఖ్య. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా పోనిది. మా పేటలో, మా మందిరంలో పుట్టిన సంఖ్య అది. అది విడిపోనిదే కావాలని తరగతి మొత్తానికి ఆ క్షణానే ఎందుకో పట్టింది.

చివర మూడుంది కాబట్టి రెండుతో పోదు, అయిదుతో పోదు. అంకెలన్నీ కూడితే పదిహేడు, కాబట్టి మూడుతో పోదు. ఏడుతో భాగిస్తే ఆరు మిగిలింది. ఆ తరవాత దారి లేదు, ఒక్కొక్క ప్రధాన సంఖ్యతోనూ భాగించి చూడవలసిందే. ఎక్కడిదాకా? టీచరమ్మ పక్కకు తిరిగి కాగితం మీద ఏదో గుణించుకుని, "461 దాకా చాలు. అది దాటిన దేనితో పోయినా, దాని జోడీ ఈలోపలే దొరికిపోతుంది" అన్నారు. అప్పటికీ ఎనభై పైచిలుకు ప్రధాన సంఖ్యలు.

ఇక్కడ మిరప కోతల పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. చేలోకి దిగగానే మేస్త్రీ ఒక్కొక్కరికీ ఒక సాలు, అంటే ఒక మొక్కల వరస, చూపిస్తాడు. ఇక అది నీది. వెనకబడితే వెక్కిరిస్తారు, తిడతారు, కానీ నీ సాలులో ఇంకొకరు చెయ్యి పెట్టరు. సాలు మధ్యలో వదిలేసి గట్టెక్కడం కన్నా నామోషీ మరొకటి లేదు. అలా గట్టెక్కిన మనిషి గురించి మూడు ఊళ్ళ అవతల కూడా చెప్పుకుంటారు. మాలో సగం మంది సెలవుల్లో కోతలకు వెళ్ళేవాళ్ళమే. టీచరమ్మకు ఆ సంగతి తెలుసు. ఆ ప్రధాన సంఖ్యల్ని అచ్చం సాళ్ళలాగే పంచారు. ముందు కూర్చున్నవాళ్ళకు చిన్నవి, వెనక్కి పోయేకొద్దీ పెద్దవి. చాప చివర కూర్చున్న నాకు, అందరికీ తలా రెండుమూడు పంచాక మిగిలిన 461 ఒక్కటే వచ్చింది.

"ఎవరి సాలు వాళ్ళదే. ఒకళ్ళది ఇంకొకళ్ళు ముట్టుకోవద్దు. తొందరేం లేదు" అన్నారు.

రోజూ ప్రార్థన కాగానే ఎవరో ఒకరు లేచి చెప్పేవాళ్ళు. పదమూడుతో భాగిస్తే తొమ్మిది మిగిలింది టీచర్. ముప్ఫై ఏడుతో ఇరవై ఏడు మిగిలింది టీచర్. ప్రతిసారీ మాకు సంబరం. ఒకరోజు జిన్నింగు మిల్లులో పనిచేసే ఆయన కొడుకు గంతులేస్తూ వచ్చాడు. "ఇరవై తొమ్మిదితో పోయింది టీచర్! ఏడు వందల ముప్ఫై ఆరు సార్లు!" తరగతి అంతా పీనుగ లేచిన ఇల్లులా అయిపోయింది. టీచరమ్మ వాడి పలక తీసుకుని చూసి, "చివరి మూడు ఏదిరా? మింగేశావా?" అన్నారు. వాడు చివరి అంకెను దించడం మర్చిపోయాడు. మూడు మిగిలింది. ఆ ఏడాది అంతా వాడి పేరు మూడు మింగినోడే.

నా సాలు నేను చెయ్యలేదు. పెద్ద భాగహారమంటే భయం. రేపు, రేపు అనుకున్నాను. ఈలోగా సంక్రాంతి కూడా దాటింది. మా నాన్న అప్పటికే పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పనికి కుదిరాడు. ఆ చుట్టుపక్కల మిరప కోతలు మొదలయ్యాయని కబురు పంపితే, మా అమ్మ నన్ను అమ్మమ్మ దగ్గర వదలకుండా వెంట తీసుకుపోయింది. కోతలయ్యాక కూడా తిరిగి రావడం లేదని దారిలో చెప్పింది. "ఎనిమిదిదాకా వచ్చావుగా, చాల్లే. నీకు చెయ్యి తిరిగింది. ముగ్గురం కష్టపడితే అక్కడే ఓ గూడు కట్టుకోవచ్చు." మా అమ్మ దుర్మార్గురాలు కాదు. పిల్ల కళ్ళ ముందు ఉండాలని, ఇల్లు ఒకచోట ఉండాలని కోరుకుంది. నేను బస్సు కిటికీకి తల ఆనించి ఏడ్చాను. ఇక పలక పట్టేది లేదని నాకూ తెలిసిపోయింది.

అక్కడ తరగతిలో అన్ని సాళ్ళూ అయిపోయాయట. ఏ ఒక్కదానితోనూ పోలేదట. ఇక మిగిలింది 461 ఒక్కటే. "మేం చేసేస్తాం టీచర్, అదొక్కటే కదా" అని పిల్లలు గోల పెట్టారట. ఇదంతా తరవాత మూడు మింగినోడు చెప్పాడు. టీచరమ్మ ఒప్పుకోలేదట. దొంగచాటుగా ఒక్కరు కూడా చేసి చూసుకోలేదంటే నేను నమ్మను గానీ, అందరూ బైబిలు మీద ఒట్టేసి చెబుతారు.

ఒకరోజు మధ్యాహ్నం కళ్ళంలో కాయ తిరగేస్తున్నాం. కోసిన మిరపకాయల్ని ఎండబెట్టే చదును నేలని కళ్ళం అంటాం. రోడ్డు వైపు నుంచి ఎవరో తుమ్ముతూ వస్తున్నారు. చూస్తే గొడుగు కింద మా టీచరమ్మ. పమిట ముక్కుకు అడ్డం పెట్టుకుని, ప్రతి నాలుగు మాటలకూ ఒక తుమ్ము. మా అమ్మ చేతిలో చీపురు కింద పెట్టి నిటారుగా నిలబడింది.

"వందనాలండి టీచరమ్మ గారూ. ఇంత దూరం ఏం పని మీద వచ్చారండీ?"

"వందనాలమ్మా. మీ పిల్ల పని ఒకటి మిగిలిపోయింది. చేయించుకుపోదామని వచ్చా."

"బడి సంగతయితే ఎత్తమాకండి. అది అయిపోయింది."

"బడి సంగతి కాదమ్మా. సాలు సంగతి."

చదువు గొప్పతనం గురించి గానీ, నా తెలివి గురించి గానీ ఆవిడ ఒక్క ముక్క మాట్లాడలేదు. తరగతిలో అందరూ తలా కొన్ని సాళ్ళు ఒప్పుకున్నారని, అందరివీ అయ్యాయని, మీ అమ్మాయిది ఒక్కటే నిలబడిపోయిందని, తనది కాబట్టి ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదని తుమ్ముల మధ్య చెప్పారు. మా అమ్మ మొహం మారిపోయింది. నా వైపు తిరిగింది.

"ఏమే? సాలు వదిలేసి వచ్చావా?"

"అమా, అది చేను కాదే, లెక్క."

"ఏదైతే ఏందే! ఒప్పుకున్నావా లేదా?"

"ఒప్పుకున్నా."

"ఒప్పుకుని గట్టెక్కావా? నా కడుపున పుట్టి?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కాయ తిరగెయ్యడం ఆపి చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. మా అమ్మ చీపురు తీసుకుని అక్కడున్న కాయని పక్కకు నెట్టి, ఓ చాపంత నేల శుభ్రంగా ఊడ్చి, "ఇక్కడ చెయ్యి. అయిందాకా లెగవద్దు" అంది. టీచరమ్మ సంచిలోంచి సుద్దముక్క తీసి ఇచ్చారు.

మిరప ఘాటుకు వేళ్ళు మండుతున్నాయి. 213443 రాసి, పక్కన 461 రాశాను. నాలుగు సార్లు పోయింది. తీసేస్తే 290. పై నుంచి నాలుగు దించితే 2904. ఆరు సార్లు. తీసేస్తే 138. ఇక చివరి మూడొక్కటే ఉంది. దించాను. 1383.

మూడు ఒకట్ల మూడు. మూడు ఆర్ల పద్ధెనిమిది, ఎనిమిది వేసి ఒకటి చేతిలో. మూడు నాలుగుల పన్నెండు, ఒకటి కలిపితే పదమూడు. 1383.

పైనా అదే, కిందా అదే. నా చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే. ఏదీ లొంగదీయలేకపోయిన సంఖ్య, అందరూ విడిపోనిదే అని పండగ చేసుకోబోతున్న సంఖ్య, అన్నింటికంటే చివరి దానికి, నా దానికి, గింజ కూడా మిగలకుండా విడిపోయింది. దాన్ని అలా ఎవరూ పెట్టలేదు. ఎవరో ఆదివారం రెండు పాటలు ఎంచుకున్నారు, అంతే. అయినా ఆ 461 దాని లోపల ముందు నుంచీ ఉంది. నేను బస్సులో ఏడుస్తున్నప్పుడూ ఉంది, నేను రాకపోయినా ఉండేది. కళ్ళెత్తి చూస్తే కళ్ళం, ఎండ, దూరంగా బట్టీల పొగ, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నాకు మాత్రం ఇంకేదో తలుపు తెరుచుకున్నట్టు భయం వేసింది. మందిరంలో కూడా నాకు అంత భయభక్తులు ఎప్పుడూ కలగలేదు.

"ఏమైంది?" అంది మా అమ్మ.

"ఏం మిగల్లేదమా. మొత్తం పోయింది."

"అంటే మంచిదా, చెడ్డదా?"

నేను టీచరమ్మ వంక చూశాను. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని నా అంకెల్ని వేలితో గాలిలోనే చదువుకుంటున్నారు. ఆ మొహంలో సంతోషం చూసి నాకు ఏడుపొచ్చింది.

"అదేం లేదమ్మా. ఇప్పుడు తెలిసింది. మీ పిల్ల తెలుసుకుంది" అన్నారు. తరవాత భాగఫలం మీద వేలు పెట్టారు. "463. మరి దీని సంగతి ఇంకా తెలీదు. ఇది విడిపోయేదో, విడిపోనిదో."

"ఇంకా ఉందాండీ?"

"ఉంది. ఇది తేలితే ఇంకోటుంటుంది."

మా అమ్మ చీపురు మీద ఆనుకుంది. "ఇట్టాంటి సాళ్ళు మొత్తం మీద ఎన్నుంటయ్యండీ?"

"అంతు లేదమ్మా. విడిపోని సంఖ్యలు ఎంత దూరం పోయినా ముందు ఇంకోటి ఉంటుంది. ఊరికే చెప్పడం కాదు, పూర్వమే రుజువు చేసిపెట్టారు. ఎంతమంది దిగినా అయిపోదు."

ఆడవాళ్ళు దగ్గరికి జరిగారు. ఏడాదిలో సగం రోజులు పని కోసం ఎదురుచూసే మనుషులు వాళ్ళంతా.

"అయిపోని చేనా?" అంది మా అమ్మ మెల్లిగా. అని నవ్వింది. "అట్టాంటి చేను ఒకటుందని మాకెవురూ చెప్పలేదే!" తరవాత నవ్వు ఆపేసి నన్ను ఎగాదిగా చూసింది. ఏం లెక్క వేసుకుందో ఏమో. "సరే మరి. సాలు మధ్యలో ఉన్నదాన్ని ఇక్కడ పెట్టుకుని నేనేం చేసుకోను? తీసకపోండి. మా అమ్మ దగ్గర వదిలిపెట్టండి."

అలా నేను మళ్ళీ బడికి వచ్చాను. 463 కూడా విడిపోనిదే అని తేల్చాను. మరుసటి ఏడు తొమ్మిదో తరగతిలో టీచరమ్మ రెండు వర్గాల తేడా సూత్రం చెబుతుంటే నాకు ఒక్కసారి మెరుపు మెరిసింది. 462ని 462తో గుణిస్తే 213444. మన సంఖ్య దానికి సరిగ్గా ఒకటి తక్కువ. అంటే 461, 463 అని భాగించకుండానే చెప్పెయ్యొచ్చు. 461 దాకా చాలని కాగితం మీద గుణించుకున్న రోజే ఆవిడకు అంతా తెలిసిపోయి ఉండాలి. తరగతి అయ్యాక వెంటపడి అడిగాను.

"మీకు ముందే తెలుసు కదా టీచర్? మరి అంత దూరం ఎందుకొచ్చారు?"

ఆవిడ గొడుగు విప్పుకుంటూ, "నాకు తెలిస్తే నీకు తెలిసినట్టా?" అన్నారు. ఆ సాలు నాకు దానంతటది పడిందా, కావాలని నాకే ఇచ్చారా అని మాత్రం అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆవిడ లేరు. ఇప్పుడు తలుచుకుంటే, చెప్పేవారు కాదేమో కూడా.

ఆ రోజు కళ్ళంలోంచి బయల్దేరేటప్పుడు మా అమ్మ నన్ను దగ్గరికి తీసుకోలేదు, ముద్దు పెట్టలేదు. "పో, బస్సు పోద్ది" అని కసిరింది. టీచరమ్మ వెనకాల గట్టు మీదికి వచ్చాక తిరిగి చూశాను. చేల నుంచి ఆ పూట కోసిన కాయ బుట్టల్లో వచ్చేసింది. ఆడవాళ్ళు వరసగా కుమ్మరిస్తూ కళ్ళమంతా పరుస్తున్నారు. మా అమ్మ కూడా బుట్ట వంచుతూ వస్తోంది. నా లెక్క దగ్గరికి రాగానే ఆగింది. ఆవిడకు ఒక్క అంకె కూడా రాదు. కాసేపు చూసి, పక్కగా చుట్టూ తిరిగి, అవతలి వైపు నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. వెనక వస్తున్నావిడ అక్కడ పొయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది. మేం రోడ్డెక్కేసరికి కనుచూపు మేర ఎర్రటి కళ్ళం, దాని నడుమ మా అమ్మ వదిలిపెట్టిన చాపంత నేల, దాని మీద తెల్లగా నా అంకెలు.